ఈరీ సరస్సు దారిలో తుపాకుల కొట్టు

నయాగరా, గ్రాండ్ కేన్యన్, ఫ్లోరిడా సముద్రతీరాలు అన్నీ మన పత్రికలో వచ్చేశాయి. ఈసారి నేను రాయబోయే చోటు ఏ యాత్రా పుస్తకంలోనూ కనిపించదు. అది ఒక తుపాకుల కొట్టు. మనవాళ్ళు అటువంటి కొట్ల ముందునుంచి ఎన్నో సార్లు కారులో వెళ్ళి ఉంటారు గాని, తలుపు తోసుకుని లోపలికి పోయినవాళ్ళు బహు తక్కువ. నేను వెళ్ళాను. అంతటితో ఊరుకోక ఒక పిస్తోలు కొన్నాను కూడా. డాక్టరుగారికి ఇదేం పొయ్యేకాలం అని అప్పుడే అనుకోకండి, కాస్త చివరిదాకా చదవండి.

ముందు దారి సంగతి. టొలీడో నుంచి తూర్పుగా రెండో నంబరు రాష్ట్ర రహదారి పట్టుకుంటే ఎడమచేతి వైపు ఈరీ సరస్సు దగ్గర దగ్గరగా వస్తూ ఉంటుంది. నేలంతా అరచేతిలా చదును. ఒకప్పుడు ఇదంతా గ్రేట్ బ్లాక్ స్వాంప్ అనే మహా చిత్తడి నేల. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో కాలవలు తవ్వి, భూమిలో మట్టి గొట్టాలు పూడ్చి నీళ్ళు తోడేసి సాగులోకి తెచ్చారు. ఇప్పుడు ఎటు చూసినా మొక్కజొన్న, సోయా చేలు. గీత గీసినట్టుండే ఆ కాలవగట్ల వెంబడి పోతుంటే తెనాలి పక్క పల్లెల్లో తిరిగినట్టే ఉంటుంది నాకు. కొబ్బరిచెట్లు లేని లోటు ఒక్కటే. కొంత దూరం పోయాక డేవిస్-బెస్సీ అణువిద్యుత్ కేంద్రం తాలూకు పెద్ద గోపురం కనిపిస్తుంది. అది దాటితే కేంప్ పెర్రీ.

కేంప్ పెర్రీ పేరు మనలో చాలామంది విని ఉండరు. 1813లో ఈ సరస్సు మీద బ్రిటిషు నౌకల్ని ఓడించిన ఆలివర్ హజార్డ్ పెర్రీ పేరు మీద వెలిసిన సైనిక శిబిరం అది. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్, ఇటాలియన్ యుద్ధఖైదీల్ని ఇక్కడ ఉంచారు. అమెరికా జాతీయ తుపాకి పోటీలు 1907 నుంచి, మధ్యలో కొన్నేళ్ళు మినహా, ఈ ఒడ్డునే జరుగుతున్నాయి. వేసవిలో వెళ్తే వందలాది మంది వరసగా నిలబడి, ఒంటి చేత్తో పిస్తోలు చాచి, 50 గజాల దూరాన ఉన్న కాగితాన్ని కొట్టడం చూడవచ్చు. ఆ కాగితం మీద పది మార్కుల వలయం అడ్డుకొలత మూడున్నర అంగుళాలకి కాస్త తక్కువ. అంటే మన ఇంట్లో చేసుకునే గారె అంత. పది తూటాలకి పది నిమిషాలు. తర్వాత 25 గజాల దగ్గర అయిదు తూటాలు ఇరవై సెకన్లలో, ఆపైన అయిదు తూటాలు పది సెకన్లలో. మొత్తం 270 తూటాలు, 2700 మార్కులు.

ఈ పిచ్చి నాకు అమెరికా వచ్చాక పట్టింది కాదు. గుంటూరులో హైస్కూలు రోజుల్లో ఎన్.సి.సి. కేంపులో పాయింట్ టూ టూ రైఫిల్ చేతికిచ్చి, నేల మీద బోర్లా పడుకోబెట్టి, అయిదు తూటాలు ఇచ్చారు. అయిదూ అయిపోవడానికి రెండు నిమిషాలు పట్టలేదు. ఆ రెండు నిమిషాల్లో నా బుర్రలో పరీక్షలు లేవు, ఎంసెట్ లేదు, మా నాన్నగారి కోపమూ లేదు. అటువంటి నిశ్శబ్దం అంతకుముందు ఎరగను. తర్వాత కరోలీ టాకాష్ అనే హంగరీ సైనికుడి గురించి చదివాను. 1938లో గ్రెనేడ్ పేలి అతని కుడిచెయ్యి దెబ్బతింది. ఎడమచేత్తో సాధన చేసి 1948లో లండన్‌లోనూ, 1952లో హెల్సింకీలోనూ రాపిడ్ ఫైర్ పిస్తోలు పోటీలో ఒలింపిక్ స్వర్ణాలు గెలిచాడు. మెడికల్ కాలేజీలో చేతి నరాల పాఠం చదువుతున్నప్పుడల్లా ఆయనే గుర్తొచ్చేవాడు.

2010లో రెసిడెన్సీకి ఇక్కడికి వచ్చాను. తుపాకులు కూరగాయల్లా దొరికే దేశమని పేరే గాని, మనబోటి వాళ్ళకి అలా దొరకవు. హెచ్-1 వంటి వీసాల మీద ఉన్నవాళ్ళు, వేట లైసెన్సు మొదలైన కొన్ని మినహాయింపులు తప్పిస్తే, తుపాకి కొనడానికీ దగ్గర ఉంచుకోవడానికీ వీల్లేదని ఫెడరల్ చట్టం. అందుచేత పన్నెండేళ్ళు కేంప్ పెర్రీలో ప్రేక్షకుడిగానే నిలబడ్డాను. మన గ్రీన్‌కార్డు వరస ఎంత పొడుగో మీకు చెప్పనక్కర్లేదు. 2022లో నాది వచ్చింది. ఆ ఆకురాలు కాలంలోనే ఈ కొట్టు తలుపు తోశాను.

బయటినుంచి చూస్తే ట్రాక్టర్ల సామాను అమ్మే దుకాణంలా ఉంటుంది. లోపల గోడల మీద జింక తలలు, ఒక మూల కాఫీ పాత్ర, దాని చుట్టూ సరస్సులో చేపల గురించి మాట్లాడుకునే ముగ్గురు పెద్దమనుషులు. నేను రాగానే మాటలు ఆగుతాయేమో అనుకున్నాను. ఆగలేదు. గల్లా వెనక డెబ్భై ఏళ్ళ ఆసామి కళ్ళజోడు పైకి తోసుకుని, "ఏం కావాలి?" అన్నాడు.

"గురి పందేలకి పనికొచ్చే పిస్తోలు. ఇంటి కాపలాకీ కాదు, నడుముకి కట్టుకోడానికీ కాదు," అన్నాను.

"అయితే మీరు చూడాల్సింది పాత సరుకు," అని చివరి అద్దాల బీరువా దగ్గరికి తీసుకెళ్ళాడు.

అక్కడ ఉంది. స్మిత్ అండ్ వెసన్ మోడల్ 41. ఈ రకం 1957లో బజారులోకి వచ్చింది. గొట్టం మీద స్ప్రింగ్‌ఫీల్డ్, మాసచూసెట్స్ అని చెక్కి ఉంది. ఆ కంపెనీ ప్రధాన కార్యాలయం 2023లో టెనెసీకి తరలిపోయింది, నేను చూసిన ముక్క మాత్రం పాతకాలపు స్ప్రింగ్‌ఫీల్డ్ పనితనం. ఏడు అంగుళాల పైచిలుకు గొట్టం, పట్టుకోడానికి వాల్‌నట్ చెక్క, కిలో దాటిన బరువు, మేగజీన్‌లో పది చిన్న తూటాలు. వెనక గురిచూసే పలక కూడా గొట్టానికే అతుక్కుని ఉంటుంది. దానివల్ల పిస్తోలు విప్పి మళ్ళీ బిగించినా గురి చెదరదు. మా ఆపరేషన్ థియేటర్లో మంచి పనిముట్టు చేతికిచ్చినప్పుడు దాని బరువు ఎలా సర్దుకుంటుందో, సరిగ్గా అలాగే సర్దుకుంది.

ఆ ఆసామి దాన్ని ఇచ్చిన తీరు చెప్పాలి. ముందు మేగజీన్ తీశాడు. పైభాగం వెనక్కి లాగి గది ఖాళీ అని కళ్ళతో చూశాడు, చిటికెనవేలు పెట్టి చూశాడు. తెరిచి ఉంచి నా చేతిలో పెట్టి, "ఇప్పుడు మీరు చూడండి," అన్నాడు. "ఇప్పుడే మీరు చూశారు గదా?" అన్నాను. "నేను చూసింది నాకు. మీరు చూసేది మీకు," అన్నాడు. రక్తం ఎక్కించే ముందు ఇద్దరు నర్సులు విడివిడిగా సీసా మీది పేరు చదవడం నాకు గుర్తొచ్చింది.

దాని పాత యజమాని ఒక మందుల షాపాయనట. ఇరవై ఏళ్ళు కేంప్ పెర్రీలో పాల్గొన్నాడట. చేతులు వణకడం మొదలయ్యాక తనే తెచ్చి ఇచ్చి, ఎవరైనా కాగితం మీద కొట్టేవాడికే అమ్మమన్నాడట. ధర 1,100 డాలర్లు. డబ్బు జేబులోనే ఉంది. అయినా ఆ రోజు కొనలేదు. ఇంట్లో చెప్పి వస్తానన్నాను. ఆసామి నవ్వి, నా పేరు చీటీ మీద రాసి దారంతో కట్టి బీరువాలో పెట్టాడు.

మా ఆవిడ పిల్లల డాక్టరు. అంతా విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "కొనొద్దని నేను అనను. మీ సరదా నాకు తెలుసు. కాని నా దగ్గరికొచ్చే ప్రతి తల్లినీ ఇంట్లో తుపాకి ఉందా, ఉంటే ఎక్కడ పెట్టారు అని అడుగుతాను గదా. ఆవిడ తిరిగి, మీ ఇంట్లోనో అని అడిగితే నేనేం చెప్పాలి? ఆ జవాబు ముందు తయారుచెయ్యండి. పిస్తోలు తర్వాత."

ఈ ప్రశ్న ఊరికే అడిగేది కాదు. డాక్టర్లు ఇలా అడక్కూడదని ఫ్లోరిడా రాష్ట్రం 2011లో చట్టం చేస్తే, 2017లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. 2020 నుంచి ఈ దేశంలో ఏడాది దాటిన పిల్లలకీ, పందొమ్మిదేళ్ళలోపు కుర్రవాళ్ళకీ మరణకారణాల్లో మొదటిది తుపాకి. 2021లో తుపాకివల్ల మొత్తం 48,830 మంది పోతే, అందులో 26,328 ఆత్మహత్యలు. అంటే సగానికి పైన. మనం భయపడేది దొంగకి. లెక్క చెప్పేది ఇంట్లోవాళ్ళ సంగతి. మందు మింగినవాణ్ణి మేం చాలాసార్లు బతికించుకుంటాం. తుపాకి తీసుకున్నవాళ్ళలో పదింట దాదాపు తొమ్మిది మంది మాదాకా రారు. మనసు బాగాలేని ఆ కాసేపు చేతికి అందకుండా ఉంటే చాలు, ఎంతోమంది మర్నాడు ఉదయం చూస్తారు.

జవాబు తయారుకావడానికి ఆరు వారాలు పట్టింది. మా పడకగది అలమరలో నేలకి బోల్టులు బిగించి చిన్న ఇనప్పెట్టె పెట్టించాను. తూటాలకి వేరే పెట్టె, వేరే తాళం, వేరే అంతస్తు. అంకెలు మా ఇద్దరికే తెలుసు, పిల్లల పుట్టినరోజులు కావు. ఇద్దరిలో ఎవరికైనా మనసు బాగాలేకపోతే రెండోవాళ్ళు అడక్కుండానే దాన్ని బయట భద్రపరిచే ఏర్పాటు చెయ్యాలని ఒప్పందం.

ఇంకొకటి మిగిలింది. ఆదివారం బాలబడి అప్పట్లో మా బేస్‌మెంట్‌లోనే జరిగేది. పదకొండు మంది పిల్లలు. కొనబోయే ముందు ప్రతి ఇంటికీ ఫోన్ చేసి ఉన్నమాట చెప్పాను. చాలామంది, "మీకు తెలియదా డాక్టరుగారూ," అన్నారు. ఒకావిడ మాత్రం, "ఏమనుకోకండి అన్నయ్యగారూ, ఎన్ని తాళాలు వేసినా మా వాణ్ణి పంపలేను," అన్నారు. నేనేమీ అనుకోలేదు, అది తల్లి అనవలసిన మాటే. ఇప్పుడు బాలబడి వాళ్ళింట్లో జరుగుతోంది. మా ఇద్దర్నీ నేనే దింపి వస్తాను. మా బేస్‌మెంట్‌లో అ ఆలు వినపడకపోవడం కొంచెం వెలితే. ఆ 1,100 డాలర్లతో పాటు అదీ ధరలో భాగమే అని లెక్క వేసుకున్నాను.

డిసెంబరులో మళ్ళీ కొట్టుకి వెళ్ళాను. చీటీ అలాగే ఉంది. 4473 అనే ఫెడరల్ ఫారం నింపాలి. కొంటున్నది మీ కోసమేనా, నేరశిక్ష పడిందా, మత్తుపదార్థాలు వాడతారా, ఏ దేశ పౌరులు అని వరసగా ప్రశ్నలు. గ్రీన్‌కార్డు వాళ్ళు తమ నంబరు కూడా వెయ్యాలి. ఆ వివరాల్ని కొట్టువాళ్ళు ఎఫ్.బి.ఐ. వారితో సరిచూసుకుంటారు. ఈ పద్ధతి 1998 నవంబరు నుంచి ఉంది. కాఫీ ఒక కప్పు అయ్యేలోగా సరే అని జవాబు వచ్చింది. ఆసామి పెట్టెతో పాటు ఒక తాళం కూడా చేతిలో పెట్టాడు.

ఇప్పుడు శనివారాలు ఊరి క్లబ్బు రేంజికి వెళ్తున్నాను. చెవులకి మూతలు, కళ్ళకి అద్దాలు. చిన్నప్పటినుంచి అర్జునుడికి పిట్ట కన్ను తప్ప ఏమీ కనపడలేదని విన్నాం గదా. ఇక్కడ నేర్పేది తలకిందులు. మనిషి కన్ను ఒకేసారి రెండు దూరాల్ని స్పష్టంగా చూడలేదు. కనుక గొట్టం కొసనున్న చిన్న పలక మీదే చూపు నిలపాలి, లక్ష్యం మసకగానే ఉండాలి. చెయ్యి కదలకుండా ఉండటమన్నది ఉండదు. నాడి కొట్టుకున్నప్పుడల్లా కొస కదులుతుంది. ఆ కదలికతో పోట్లాడకుండా మీటని మెల్లగా, ఎప్పుడు పేలుతుందో మనకే తెలియనంత మెల్లగా నొక్కాలి. గుండె వేగం తగ్గించే మాత్రల్ని ఈ ఆటలో నిషేధించింది అందుకే. 2008లో బీజింగ్‌లో రెండు పతకాలు గెలిచిన ఉత్తరకొరియా ఆటగాడి పరీక్షలో ప్రోప్రానొలాల్ బయటపడి పతకాలు పోయాయి. మేం రోగులకి రోజూ రాసే మాత్రే అది.

రాత్రి డ్యూటీలు, ఫోన్లు, బీమా కాగితాలు అన్నీ ఆ పది నిమిషాలు దూరం జరుగుతాయి. హైస్కూల్లో దొరికిన ఆ నిశ్శబ్దం ముప్ఫై ఏడేళ్ళ వయసులో మళ్ళీ దొరికింది. మార్కులు అడక్కండి, గారె బయటే ఎక్కువ చిల్లులు.

ఇదంతా విని మీ పిల్లలు సరదా పడితే పిస్తోలు కొననవసరం లేదు. గాలితో కొట్టే ఎయిర్ పిస్తోలుతో, శిక్షకుడి కళ్ళముందు, రేంజిలోనే మొదలుపెట్టవచ్చు. అదీ బొమ్మ కాదు, తాళం దానికీ కావాలి. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్తోలు జట్టు స్వర్ణం తెచ్చింది. గగన్ నారంగ్ 2012లో లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిందీ ఎయిర్ రైఫిల్‌తోనే.

చివరగా ఒక మాట. మీ పిల్లలు ఆడుకోడానికి వేరే ఇంటికి వెళ్తున్నప్పుడు, అది మన తెలుగువాళ్ళ ఇల్లయినా సరే, "మీ ఇంట్లో తుపాకి ఉందా, తాళం వేశారా?" అని అడగండి. పల్లీలు పడవని చెప్పడానికి మొహమాటపడం గదా, ఇదీ అంతే. ఇంట్లో ఎవరికైనా మనసు బాగాలేదనిపిస్తే 988కి ఫోన్ చెయ్యండి, పగలైనా రాత్రైనా పలుకుతారు. మమ్మల్ని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెబుతాం. జవాబు మా ఆవిడ దగ్గర సిద్ధంగా ఉంది.