వేడి చూసిన చెయ్యి ఎవరిది?

మా రావులపాలెంలో అరటి గెల కొనేవాడు పది ప్రశ్నలు వేస్తాడు. కర్పూరమా, చక్కెరకేళీయా, ఎన్ని హస్తాలు, ఎప్పుడు కోశారు... ఒంటిని అప్పగించేటప్పుడు మాత్రం మనం ఒక్క ప్రశ్నా వెయ్యం. ప్రకృతి వైద్యమైతే మరీనూ! మందు లేదు, సూది లేదు, మట్టీ నీళ్లేగా అని ధీమా.

ఆ నమ్మకం ఊరికే రాలేదు. గాంధీజీ 1946లో పుణె దగ్గర ఉరుళీ కాంచన్‌లో ప్రకృతి చికిత్స మొదలుపెట్టారు. మన భీమవరంలో వేగిరాజు కృష్ణంరాజుగారి ఆశ్రమం పేరు పెద్దల నోట వింటూనే పెరిగాం.

మా మేనత్తకు షుగరు. మోకాళ్ల నొప్పులకని ఒక ఆశ్రమంలో చేరింది. డాక్టరుగారు పొద్దున్నే చీటీ రాసి వెళ్లారు. వేడినీళ్ల పాదస్నానం చేయించింది మాత్రం సహాయకురాలు. పనిలో చేరి రెండు నెలలైన పిల్ల. షుగరువల్ల అత్తయ్య పాదాలకు స్పర్శ తగ్గింది. నీళ్లు కాలుతున్నట్టే తెలీలేదు. షుగరు సంగతి ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. సాయంత్రానికి బొబ్బలు!

"దాన్నేమీ అనకండర్రా, పాపం చిన్నపిల్ల" అంది అత్తయ్య. మరి ఎవరిని అనాలి? చట్టం ఏమంటుందో చూద్దామని కూర్చున్నాను.

ప్రకృతి వైద్యుల చదువు బీఎన్‌వైఎస్. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు. కానీ భారతీయ వైద్య విధానాల కోసం 2020లో తెచ్చిన జాతీయ కమిషన్ చట్టంలో ఆయుర్వేదం, యునానీ, సిద్ధ, సోవా-రిగ్పా మాత్రమే ఉన్నాయి. ప్రకృతి వైద్యం లేదు! దాంతో వీరి నమోదు రాష్ట్రానికో తీరు. సహాయకుల సంగతి ఇంకా పలుచన. పుణెలోని జాతీయ ప్రకృతి చికిత్సా సంస్థ వారికోసం ఏడాది కోర్సు పెట్టింది. అయినా పనిలో చేరాకే పని నేర్చుకునేవాళ్లకు కొదవలేదు.

శిక్ష దగ్గర మాత్రం చట్టం కఠినంగానే ఉంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ప్రకారం, చికిత్సలో నిర్లక్ష్యంవల్ల ప్రాణం పోతే మెడికల్ రిజిస్టరులో పేరున్న డాక్టరుకు గరిష్ఠంగా 2 ఏళ్ల జైలు. మిగతావారికి 5 ఏళ్ల దాకా! ఆ రిజిస్టరు అల్లోపతీ వైద్యులది. అంటే చీటీ రాసిన ప్రకృతి వైద్యుడూ, నీళ్లు తోడిన పిల్లా 'మిగతావారే'.

రోగికీ ఓ దారి ఉంది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికే వస్తుందని 1995లో వి.పి.శాంతా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సిబ్బంది చేసిన తప్పుకు యాజమాన్యం జవాబు చెప్పాల్సిందే.

అంతదాకా రానివ్వడమెందుకు? చేరేముందే అడగండి. చికిత్స రాసేవారు ఏం చదివారు, ఎక్కడ నమోదయ్యారు? చేయించేవారు ఎక్కడ నేర్చుకున్నారు? నా జబ్బుల సంగతి వారికి కాగితమ్మీద అందుతుందా?

ఇవి ఆ పిల్లను నిలదీసే ప్రశ్నలు కావు. నేర్పకుండానే ఆమెను పనిలోకి దింపినవాళ్లను అడగాల్సినవి.