సొంత కాళ్ళూ, మోటారు సాయమూ

ఎలక్ట్రిక్ మౌంటెన్ సైకిలు మామూలు మౌంటెన్ సైకిలు స్థానాన్ని తీసుకోగలదా? చూడటానికి ఇది దుకాణంలో తేలాల్సిన ప్రశ్న. ధర, బరువు, బ్యాటరీ చూసుకుంటే సరిపోతుంది. కానీ నస్పూర్‌లో, బొగ్గు బాయిల మధ్య, ముప్పై ఆరేళ్ళ వయసులో, క్లాసుల లెక్కన జీతం తీసుకునే ఒక సాహిత్య పరిశోధకురాలు ఈ ప్రశ్న వేసుకుంటే అది దుకాణంలో ఆగడం లేదు. ఇంట్లోకి వస్తోంది, వంటింట్లోకి వస్తోంది. నేను చదివిన పుస్తకాల్లోకీ వస్తోంది. ఎందుకంటే రెండు సైకిళ్ళు పెట్టుకునే డబ్బు గానీ, చోటు గానీ నాకు లేవు. ఏదో ఒకటే ఉండాలి.

మొదట ఉన్న సైకిలు సంగతి. ఐదేళ్ళ కింద పద్దెనిమిది వేలకు కొన్నాను. లావు టైర్లు, ముందు షాకబ్జార్లు, బరువు పదిహేను కిలోలు. మేముండేది మొదటి అంతస్తులో. రోజూ భుజాన వేసుకుని మెట్లెక్కించేదాన్ని. సీసీసీ నుంచి మంచిర్యాల కాలేజీకి ఏడెనిమిది కిలోమీటర్లు. చెన్నూరు రోడ్డు మీద బొగ్గు టిప్పర్లు దుమ్ము రేపుకుంటూ పోతుంటాయి. ఆ దుమ్ము తప్పించుకోవడానికి మట్టి అంచు మీదికి దిగాలంటే ఈ టైర్లే కావాలి. ఆదివారం పొద్దున మందమర్రి వైపు బొక్కలగుట్ట దాకా పోయి, గాంధారి ఖిల్లా అడుగున రాళ్ళదారిలో తొక్కుతాను. నాయకపోడ్లు మాఘమాసంలో గాంధారి మైసమ్మ జాతర చేసుకునే గుట్ట అది. జాతర రోజులు తప్పిస్తే అక్కడ ఒంటరిగా కనిపించే ఆడమనిషిని నేనే.

కాలనీలో మొదట్లో అందరూ అడిగారు. “పొద్దుపొద్దుగాల్ల గీ సైకిలేసుకొని ఎటు పోతున్నవ్ బిడ్డా?” వ్యాయామం అని చెబితే ఊరుకునేవాళ్ళు. షుగర్ అన్నా, బరువు తగ్గాలన్నా ఇంకా తొందరగా ఊరుకునేవాళ్ళు. ఊరికే తొక్కాలనిపించి తొక్కుతున్నానని చెబితే మాత్రం ఎవరికీ అర్థం కాలేదు. ఆడవాళ్ళ శరీరం కదలాలంటే ఏదో ఒక ప్రయోజనం ఉండాలి. పని కోసమో, రోగం తగ్గడం కోసమో కదలాలి తప్ప, ఊరికే కదిలితే అనుమానం.

ఇక్కడ మన సాహిత్యం గురించి ఒక మాట చెప్పాలి. 1980లలో, 90లలో స్త్రీవాద కవిత్వం శరీరాన్ని పేజీ మీదికి తెచ్చింది. ‘గురిచూసి పాడే పాట’, ‘నీలిమేఘాలు’ చదివి పెరిగిన తరం మాది. ప్రసవం, గర్భస్రావం, పడకగది హింస, చూపుల హింస... చెప్పకూడదన్నవన్నీ వాళ్ళు చెప్పారు కాబట్టే మేం మాట్లాడగలుగుతున్నాం. ఓల్గా ‘రాజకీయ కథలు’ స్త్రీ శరీరం చుట్టూ అల్లుకున్న రాజకీయాన్ని జడ దాకా, ముక్కుపుడక దాకా తీసుకుపోయి చూపించాయి. ఆ వరుసలో తొడ కండరాన్ని కూడా చేర్చి చదువుకోవాలని నాకనిపిస్తుంది. నొప్పిపడే శరీరం గురించి మనం చాలా రాసుకున్నాం. గుట్ట ఎక్కి, చెమట కారి, ఆయాసంతో నవ్వుకునే శరీరం గురించి తక్కువ రాసుకున్నాం. నా సైకిలు నాకు ఆ రెండో శరీరాన్ని ఇచ్చింది. అందుకే మోటారు మాట వినగానే నాకు బెంగ పట్టుకుంది. నా బలం నాదేనా, బ్యాటరీదా అని.

స్నేహితురాలొకామె తన ఎలక్ట్రిక్ మౌంటెన్ సైకిలు నెల రోజులు వాడి చూడమని ఇచ్చింది. వెనక చక్రంలో మోటారు, ఫ్రేములో తీసి పెట్టుకునే బ్యాటరీ, బరువు ఇరవై మూడు కిలోలు. మన దేశంలో 250 వాట్ల లోపు శక్తి, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం ఉంటే మోటారు వాహనం కింద లెక్కకు రాదు. లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. నెలంతా ఒక చిన్న నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ ముందు నెలలో పాత సైకిలు మీద ఎన్ని రోజులు తిరిగానో కూడా అందులో ఉంది.

రోడ్డు మీద తేడా మొదటి రోజే తెలిసింది. ముప్పై ఐదు నిమిషాల దారి ఇరవై రెండు నిమిషాలైంది. ఎదురుగాలి ఉన్నా, ఎండ ఉన్నా కాలేజీకి చీర తడవకుండా చేరాను. గుట్ట దారిలో మాత్రం అంత సుఖం లేదు. చవక మోడళ్ళలో ఉండే సెన్సరుకు పెడల్ తిరుగుతోందా లేదా అన్నదే తెలుసు, ఎంత బలంగా తొక్కుతున్నామో తెలియదు. వదులు రాళ్ళ మీద నెమ్మదిగా పోదామనుకున్నప్పుడు ఒక్కసారిగా ముందుకు తోస్తుంది. బలాన్ని బట్టి సాయం చేసే సెన్సర్లున్నవి దొరుకుతాయి గానీ ధర నాకు అందదు. బ్యాటరీ అయిపోతే ఇరవై మూడు కిలోలను సొంత కాళ్ళతో లాగాలి. వెనక చక్రం పంక్చరైతే మోటారు వైరు విప్పాలి. మా సందు చివర సైకిల్ షాపు పెద్దాయన దాన్ని తిప్పి తిప్పి చూసి, “గొలుసంటే గొలుసు, బేరింగంటే బేరింగు, గీ మోటరు కత నాతోటి కాదు బిడ్డా” అన్నాడు. పాత సైకిలుకు వచ్చే చాలా రోగాలకు నా దగ్గరా, ఆయన దగ్గరా మందుంది. కొత్తదానికి మంచిర్యాలలో కూడా డాక్టరు దొరకడం కష్టం. ఇక మా వేసవి సంగతి సరేసరి. నలభై ఐదు డిగ్రీల ఎండలో నిలబెడితే లిథియం బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది.

మరి సొంత బలం సంగతి? దీని మీద నా బెంగ కొంత పరిశోధన చదివాక తగ్గింది. అమెరికాలో బ్రిగం యంగ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో అనుభవమున్న మౌంటెన్ సైక్లిస్టులతో ఒకే దారిలో రెండు రకాల సైకిళ్ళూ తొక్కించి చూశారు. ఎలక్ట్రిక్ సైకిలు మీద సగటు గుండె వేగం మామూలు సైకిలు మీద ఉన్నదానిలో 94 శాతం ఉంది. అదే సంవత్సరం యూరప్‌లో ఏడు నగరాల సర్వే మరో సంగతి చెప్పింది. ఎలక్ట్రిక్ సైకిలు వాళ్ళు ఎక్కువ దూరాలు తిరుగుతారు కాబట్టి, మొత్తం మీద వాళ్ళ శ్రమ మామూలు సైకిలు వాళ్ళతో దాదాపు సమానమేనట. మోటారు తొక్కడాన్ని తీసేయదు, తేలిక చేస్తుంది.

అసలు ‘సాయం లేకుండా’ అనే మాటనే కొంచెం అనుమానించాలి. మౌంటెన్ సైకిలు చరిత్ర మొదలయ్యే చోటు కాలిఫోర్నియాలోని మెరిన్ కౌంటీ. 1976లో అక్కడి కుర్రాళ్ళు పాత సైకిళ్ళతో గుట్ట మీంచి కిందికి పందేలు వేసుకున్నారు. బ్రేకులు వేడెక్కి గ్రీజు మాడిపోతే మళ్ళీ కూరాలి కాబట్టి ఆ దారికి ‘రీప్యాక్’ అని పేరొచ్చింది. తరచుగా ఆ సైకిళ్ళు గుట్టపైకి పోయింది ట్రక్కుల్లోనే! ఆ రోజుల్లో వాళ్ళతో కలిసి తొక్కి, ఫోటోలు తీసి ఆ చరిత్రను దాచిపెట్టింది వెండీ క్రాగ్ అనే స్త్రీ. 1980లలో జాకీ ఫెలన్ స్త్రీల కోసమే మౌంటెన్ సైకిల్ సంఘం పెట్టి, దాని పేరులో సరదాగా ‘టీ’ని కూడా చేర్చింది. ఇంకా వెనక్కి పోతే, మద్యనిషేధ ఉద్యమ నాయకురాలు ఫ్రాన్సెస్ విలర్డ్ 53 ఏళ్ళ వయసులో సైకిలు నేర్చుకుని 1895లో దాని మీద పుస్తకమే రాసింది. మొదట ముగ్గురు యువకులు బండిని పట్టుకుంటేనే ఆమె సీటెక్కింది. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు వేలమంది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నప్పుడు, కలెక్టరు షీలా రాణి చుంకత్ బ్యాంకు అప్పుల దాకా సాయం ఏర్పాటు చేసింది. సాయం తీసుకున్నందుకు ఆ స్వేచ్ఛ తక్కువైందా?

మా అమ్మ రోలు గుర్తొస్తుంది. మిక్సీ వచ్చాక కూడా చాన్నాళ్ళు మా బంధువుల ఇళ్ళల్లో ‘రోటి పచ్చడి రుచే వేరు’ అనే మాట వినిపించేది. అన్నది తినేవాళ్ళు. రుబ్బేవాళ్ళు అనగా నేను వినలేదు. ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి కష్టానికి ఒక పవిత్రత అంటగడతారు. ఆ పవిత్రతను నేను నా సైకిలుకు అంటగడుతున్నానా అని ఒక రాత్రంతా ఆలోచించాను.

యంత్రం అమాయకమైనదని కూడా అనను. మా బాపు శ్రీరాంపూర్ బాయిల్లో బొగ్గు తట్టలు మోసి రిటైరయ్యాడు. యంత్రాలు దిగడం ఆయన కళ్ళముందే జరిగింది. అడిగితే అన్నాడు: “మిషిన్లు అచ్చినంక తట్ట పోయింది, నా నడుము మిగిలింది. కని నా ఎనుక అచ్చెటోనికి పని మిగల్లే.” 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు నలభై వేల చిల్లరకు వచ్చింది. పని తేలిక కావడమూ, పని పోవడమూ ఒకే బండిలో వచ్చాయి. అదీగాక, 1952 గనుల చట్టం భూగర్భంలోకి స్త్రీలను రానివ్వలేదు. 2019లో పగటిపూట సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాలకు మాత్రం తలుపు తెరిచారు. అంటే యంత్రం ఎంత తేలిక చేసినా, దాన్ని ఎవరు తాకవచ్చో యంత్రం చెప్పదు, మనుషులు చెబుతారు.

నా బ్యాటరీలో నిండే కరెంటు కూడా గాలిలోంచి రాదు. జైపూర్‌లో సింగరేణి వాళ్ళ 1200 మెగావాట్ల థర్మల్ ప్లాంటు మా జిల్లాలోదే. ఒకసారి చార్జింగుకు పట్టేది యూనిట్లో సగం కన్నా తక్కువ. అయినా అది బొగ్గే. బాపు మోసిన బొగ్గు కూతురి సైకిలును తోస్తోందని నవ్వుకున్నాను గానీ, ఓపెన్‌కాస్టుల మట్టిగుట్టలు చూస్తూ తిరిగేదాన్ని, ఆ లెక్క మరచిపోలేను. స్కూటీతో పోలిస్తే చాలా తక్కువ, సొంత కాళ్ళతో పోలిస్తే ఎక్కువ. అంతే నిజం.

నోటుబుక్కు చివర్లో తేలిన లెక్క ఇది. పాత సైకిలు మీద నెలలో పన్నెండు రోజులు తిరిగాను. మిగతా రోజుల్లో బహిష్టు నడుమునొప్పి, పేపర్లు దిద్దిన రాత్రుల నిద్రలేమి, ఎండ, అమ్మకు మోకాళ్ళ నొప్పి పెరిగి ఇంటిపని మీద పడ్డ పొద్దులు... ఆటో ఎక్కాను. ఎలక్ట్రిక్ మీద ఇరవై రెండు రోజులు తిరిగాను. నా కాళ్ళ సొంత బలం నిండుగా ఉన్నప్పుడే నాకు రోడ్డు దొరికితే, నెలలో సగం పైన రోడ్డు నాది కాదన్నమాట. చీకటి పడ్డాక వెనక పడే బైకుల కుర్రాళ్ళ నుంచి పాతిక కిలోమీటర్ల వేగం కాపాడదు. దానికి వీధి దీపాలూ, రోడ్డు మీద ఇంకా నలుగురు ఆడవాళ్ళూ కావాలి. అయినా ఆ చీకటి దారిలో ఉండే సమయం తగ్గింది.

ఇంకో సంగతి లెక్కలో లేదు గానీ అదే అన్నిటికన్నా ముఖ్యం. మిగిలిన పదమూడు నిమిషాలు ఎవరివి? రెండో వారంలోనే మొదలైంది. “కరెంటు సైకిలే గదా, అలసటేం లేదాయె. వచ్చేటప్పుడు కూరగాయలు పట్టుకరా, గ్యాసు బుక్ చెయ్యి, తమ్ముని టిఫిను ఇచ్చి పో.” పాత సైకిలు మీద చెమటతో వచ్చేదాన్ని కాబట్టి ఎవరూ పని చెప్పేవాళ్ళు కాదు. చెమట నాకు ఒక రకం సెలవు చీటీ. రూత్ స్క్వార్ట్జ్ కోవన్ 1983లో అమెరికా ఇళ్ళ గురించి చెప్పింది ఇదే. యంత్రాలొచ్చాక చాకిరీ బరువు తగ్గింది గానీ, తల్లుల పని గంటలు తగ్గలేదు. మిగిలిన సమయాన్ని కొత్త పనులు మింగేశాయి. మా ఇంట్లో దాన్ని చూడటానికి రెండు వారాలు చాలాయి. అప్పుడు అమ్మతో చెప్పాను. పొద్దున ఆరు నుంచి ఏడు దాకా నేను తొక్కేది నా కోసం, అప్పుడు ఏ పనీ చెప్పొద్దు, తమ్ముడి టిఫిను తమ్ముడే తీసుకుపోతాడు అని. అమ్మ కాసేపు మౌనంగా ఉండి, “మా కాలంల గిట్ల అడుగచ్చని ఎరుకలేకపాయె” అంది.

అందుకని నిర్ణయం చేసుకున్నాను. ఎలక్ట్రిక్ సైకిలు కొంటాను. నలభై రెండు వేలు, ఆరు నెలల పొదుపు. ముందు పంక్చరు ఎలా విప్పాలో నేనే నేర్చుకుని షాపు పెద్దాయనకూ చూపిస్తాను. బ్యాటరీ పైకి తెచ్చుకుని, బండి కింద గొలుసు వేసి పెడతాను. రాళ్ళదారిలో మోటారు ఆపేస్తాను. ఖిల్లా అడుగున పాత సైకిలు ఇచ్చిన ఆ నాజూకు ఇది ఇవ్వదని తెలుసు. ఆ మేరకు నష్టమే, దాన్ని లాభంగా చెప్పుకోను. పాత సైకిలును అమ్మడం లేదు. అక్క బిడ్డ తొమ్మిదో తరగతిలోకి వచ్చింది. కాళ్ళు పెడళ్ళకు అందుతున్నాయి. దానికి ఇస్తాను. ఎందుకు తొక్కుతున్నావని ఎవరైనా అడిగితే ‘ఊరికే’ అని చెప్పమంటాను.