మందుల సంచి కూడా తీసుకురండి

సువార్తికుడైన లూకా వైద్యుడని కొలస్సయులకు వ్రాసిన పత్రికవలన మనకు తెలుసు. వైద్యసేవ దేవుడు దయచేసిన పరిచర్యే. అయితే ఆ పరిచర్యలో డాక్టర్లనూ నర్సులనూ ప్రతిదినం కలవరపెట్టే చిక్కు ఒకటున్నది. రోగి ఇంతవరకు ఏ మందులు వాడుతున్నాడో తెలియకపోవడమే అది.

"ఏం మందులు వాడుతున్నావు అవ్వా?" అని అడిగితే, "పొద్దున తెల్లబిళ్ళ, రాత్రి ఎర్రబిళ్ళ సిస్టరమ్మా" అంటారు. తెల్లబిళ్ళలు ఎన్ని రకాలో లెక్కలేదు. షాపువారు అట్ట కత్తిరించి నాలుగు బిళ్ళలిస్తే ఆ ముక్కమీద పేరుండదు, గడువు తేదీ ఉండదు. డాక్టరు చీటీ ఏ పెట్టెలో ఉందో ఎవరికీ తెలియదు.

నేను నర్సుగా ఉన్న రోజులలో ఒక పెద్దాయనను నల్లటి విరేచనాలతో, లేవలేని నీరసంతో తీసుకొచ్చారు. మందులేమీ వాడడం లేదని కుమారుడు చెప్పాడు. సాయంత్రం బస్సుకు కోడలు ఇంట్లోని సంచి తెచ్చింది. అందులో గుండె ఆపరేషను తరువాత పట్నంలో ఇచ్చిన వార్‌ఫరిన్, మోకాళ్ళకు ఊళ్ళో ఇచ్చిన డైక్లోఫెనాక్ ఉన్నాయి. మొదటిది రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది, రెండవది కడుపులో పుండు చేస్తుంది. రెండూ కలిస్తే లోపల రక్తస్రావమే. సంచి చూశాకే డాక్టరుగారికి దారి దొరికింది. ప్రభువు కృపవలన ఆయన బ్రతికాడు. "రోజూ వేసుకునేవి కూడా మందుల లెక్కేనా అమ్మా?" అన్నాడు కుమారుడు.

కొందరు తెలిసీ చెప్పరు. ప్రార్థన చేయించుకున్నాక షుగరు మాత్రలు మానినవారు ఆ సంగతి దాస్తారు. మాత్రలు చాలడం లేదనుకొని డాక్టరు మోతాదు పెంచుతాడు. ఇంటికి వెళ్ళి అన్నీ ఒక్కసారి మొదలుపెడితే షుగరు పడిపోయి స్పృహ తప్పవచ్చు. ప్రార్థించండి, మాత్రా వేసుకోండి. రెంటికీ విరోధం లేదు.

క్రోసిన్, కాల్‌పాల్, డోలో పేర్లు వేరైనా మందు ఒక్కటే, పారాసిటమాల్. మూడూ వేసుకుంటే కాలేయానికి ముప్పు.

మందిచ్చే ముందు నర్సు అయిదు సంగతులు సరిచూడాలి: రోగి, మందు, మోతాదు, ఇచ్చే విధానం, వేళ. ఇంట్లో వాడిన మందు తెలియకపోతే ఆ అయిదూ సరిగా ఉన్నా ప్రమాదం తప్పకపోవచ్చు. మందులవల్ల కలిగే హానిని తగ్గించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో అన్ని దేశాలకూ పిలుపునిచ్చింది. ఆ పని మన ఇంటినుండే మొదలుకావాలి.

ఒక చిన్న నోటుపుస్తకం పెట్టండి. మందు పేరు, మోతాదు, ఎప్పటినుండి వాడుతున్నదీ, ఏ మందు పడదో వ్రాయండి. సూదిమందులు, పసర్లు కూడా వ్రాయండి. బిళ్ళలను పేరున్న కొస చివరివరకూ మిగిలేటట్టు తీసుకోండి. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు సంచి మొత్తం తీసుకెళ్ళండి. చదువురాని విధవరాండ్రకు, వృద్ధులకు సంఘ యౌవనస్థులు ఈ పుస్తకం వ్రాసిపెడితే అదీ పరిచర్యే.

స్వస్థపరచు దేవుడు మీ కుటుంబాలను కాపాడును గాక.