స్టాంప్స్ ఊరి కొట్టు, మా ఊరి ‘అండీ’

ఇంగ్లీషులో ‘యూ’ ఒక్కటే. రాజుకీ అదే, బంట్రోతుకీ అదే. తెలుగులోకి వచ్చేసరికి నువ్వా, మీరా, తమరా అని తేల్చుకోవాలి. అది తేలక ఒక ఆదివారం సాయంత్రమంతా మేం ఏడుగురం ఒకే పేజీ దగ్గర ఆగిపోయాం.

ఆ పేజీ మాయా ఏంజెలో 1969లో అచ్చువేసిన ఆత్మకథ ‘ఐ నో వై ది కేజ్‌డ్ బర్డ్ సింగ్స్’లోది. మేం కూర్చున్నది పట్టిసీమలో. అవును, మీరు రీల్స్‌లో చూసే పట్టిసీమే: గోదారి మధ్యలో కొండ, దానిమీద వీరభద్రస్వామి గుడి, ఎండాకాలం వస్తే కనుచూపు మేర ఇసక. మా చదువు మాత్రం రేవుకి ఇవతల, ఒక టైలరక్క ఇంటి అరుగు మీద. అక్క మిషను ఆపిందంటే క్లాసు మొదలైనట్టు. నల్లజాతి ఆడవాళ్ళు రాసుకున్న జీవితకథలు, కవిత్వం చదువుదామన్నది రాజమండ్రిలో ఎంఏ చదివే అమ్మాయి. ఇంగ్లీషు గడగడా చదివేవాళ్ళం ఇద్దరమే కాబట్టి, నేను చదివి అక్కడికక్కడే తెలుగులో చెబుతుంటాను.

మనలో చాలామందికి నల్లవాళ్ళ చరిత్ర అంటే అలెక్స్ హేలీ ‘ఏడు తరాలు’. సహవాసి తెలుగు చేసిన ఆ పుస్తకం మా ఇళ్ళలో కూడా రెండుచోట్ల ఉంది. అందులో కుంటా కింటే గుర్తున్నంతగా ఆడవాళ్ళు గుర్తుండరు. తమ కథ తామే చెప్పుకున్న ఆడవాళ్ళని చదవడం వేరే సంగతి.

మొదటివారం కబుర్లన్నీ రంగు మీదే నడిచాయి. పెళ్ళిచూపుల్లో ‘చామనఛాయేనండి’ అని అబద్ధం చెప్పడం, 2020లో పేరు మార్చుకున్న ఆ క్రీము, అత్తగార్ల మాటలు. నవ్వుకున్నాం, తిట్టుకున్నాం. కానీ అది గుమ్మం దాకానే తీసుకెళ్తుంది. ఇంట్లోకి వెళ్ళాలంటే ఆ పేజీ చదవాల్సిందే.

ఆర్కన్సా రాష్ట్రంలో స్టాంప్స్ అనే చిన్న ఊరు. అక్కడ మాయా నాయనమ్మ ఆనీ హెండర్సన్‌కి సొంత కొట్టుంది. తెల్లవాళ్ళలో బాగా పేదవాళ్ళు కొందరు ఆవిడ స్థలంలోనే కాపురముంటారు. అయినా వాళ్ళ పిల్లలు కొట్టు ముందుకొచ్చి ఆవిణ్ణి పేరుపెట్టి పిలుస్తారు, వెక్కిరిస్తారు, ఆవిడ నిలబడే తీరుని అనుకరిస్తారు. ఆవిడ కదలదు. లోలోపల దేవుడి పాట పాడుకుంటూ నిలబడుతుంది. పిల్లలు వెళ్ళిపోతుంటే, ఒక్కొక్కరి పేరు ముందూ గౌరవం తగిలించి సాగనంపుతుంది. ఇదంతా తలుపు వెనక నుంచి చూస్తున్న పదేళ్ళ మాయా ఏడుస్తుంది.

“ఆ పిల్లలు ఆవిణ్ణి ‘ఏమ్మా ఆనీ’ అన్నారు” అని నేను తెలుగు చేశాను. నర్సింగ్ చదివే అమ్మాయి అడ్డుపడింది. ఆమె మా ఊరికి దగ్గర్లోని ఒక దళితపేట నుంచి వస్తుంది.

“ఏమ్మా కాదక్కా, ఏమే. మా మామ్మని అలాగే అంటారు. ఆవిడేమో వాళ్ళ ఎనిమిదేళ్ళ పిల్లని ‘అమ్మాయిగారండీ’ అంటాది.”

గోదారోళ్ళం కదా, ‘అండీ’ మా సొత్తు అనుకుంటాం. ఆయ్ అంటే చాలు, సినిమావాళ్ళకి కామెడీ దొరికేస్తుంది. ఆ ‘అండీ’ ఎటునుంచి ఎటు ప్రవహిస్తుందో ఎవరూ అడగరు. ఇంగ్లీషులో గౌరవపదం ఒక్కటి పేరు ముందు కూర్చుంటే సరిపోతుంది. మనకి క్రియ చివర కూడా కులం తెలిసిపోతుంది. ఆ పేజీని ఇంగ్లీషు కంటే కటువుగా తెలుగులో చెప్పవచ్చని ఆరోజు అర్థమైంది.

ఒకావిడ, పెద్దింటి కోడలు, కళ్ళు తుడుచుకుంటూ “మన ఆడాళ్ళ బతుకులన్నీ ఒకటేనే” అంది. నర్సింగ్ అమ్మాయి గొంతు పెంచలేదు. “ఒకటి కాదండి. ఈ కథ చదివేటప్పుడు అందరం వెళ్ళి ఆ నాయనమ్మ పక్కనే నిలబడుతున్నాం. మరి ఆ వెక్కిరించిన పిల్లలు ఎవరింటివాళ్ళు?”

పెద్దింటి కోడలు తర్వాతి రెండు వారాలు రాలేదు. మూడోవారం వచ్చింది, జంతికలతో. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు గానీ, ఆమె నోట ‘ఒకటే’ అన్నది మళ్ళీ వినలేదు.

ఈ పోలిక మేం కనిపెట్టిందేం కాదు. జోతిబా ఫూలే 1873లో రాసిన ‘గులాంగిరి’ని, బానిసత్వాన్ని రద్దు చేయడానికి పాటుపడిన అమెరికా ప్రజలకే అంకితమిచ్చాడు. అందుకే మాయా తర్వాత గోగు శ్యామల కూర్చిన ‘నల్లపొద్దు’ తెచ్చుకున్నాం. 1921 నుంచి 2002 దాకా తెలుగు దళిత స్త్రీలు రాసిన రచనలు అందులో ఉన్నాయి. కాకినాడలో పెరిగి, న్యూయార్క్ సబ్‌వేలో కండక్టరుగా పనిచేస్తూ ‘యాంట్స్ అమంగ్ ఎలిఫెంట్స్’ రాసిన సుజాత గిడ్ల గురించి చెబితే, “కాకినాడా!” అని ముగ్గురు ఒకేసారి అన్నారు. ఆ పుస్తకం 2017లో వచ్చింది.

కవిత్వం రోజున మాత్రం గోల గోల. లూసిల్ క్లిఫ్టన్ ఆరుగురు పిల్లల తల్లి, ఆవిడ కవితలు చిన్నవి, వాట్సాప్ స్టేటస్‌లో పట్టేస్తాయి. తన పిరుదుల్ని పొగుడుకుంటూ ఒక కవిత రాసింది. టైలరక్క పడీపడీ నవ్వి, కొలతల పుస్తకం తట్టి చూపించింది. “ఊళ్ళో అందరివీ ఇందులో ఉన్నాయి, ఎవరికైనా కవిత కావాలంటే చెప్పండి.”

అదే అక్క ఆడ్రి లార్డ్ దగ్గర మూగబోయింది. లార్డ్‌కి 1978లో కేన్సరు వచ్చి ఒక రొమ్ము తీసేశారు. 1980లో ‘ది కేన్సర్ జర్నల్స్’ రాసింది. ఆపరేషనయ్యాక డాక్టరు దగ్గరికి వెళ్తే, కృత్రిమ రొమ్ము పెట్టుకోకుండా వస్తే ఇక్కడ మిగతావాళ్ళ ధైర్యం దెబ్బతింటుందని నర్సు అంటుంది. లార్డ్ ఒప్పుకోదు. పోయింది పోయినట్టే కనపడాలంటుంది.

నేను ఆపగానే అక్క తన జాకెట్టు ఎడమవైపు చెయ్యి పెట్టింది. “నాదీ లేదమ్మా. నాలుగేళ్ళయింది. గుడ్డ కుట్టుకుని, దూది పెట్టుకుంటున్నా.” అరుగు మీద ఎవరికీ తెలియదు.

ఎంఏ అమ్మాయి మెల్లగా, “అయితే మీరూ ఇకనుంచి లార్డ్‌లాగా…” అనబోయింది. అక్క తల అడ్డంగా ఊపింది. “ఆవిడకి ఆవిడిష్టం. నేను జాకెట్లు కుట్టేదాన్ని. నా ఒంటిమీద జాకెట్టు సరిగ్గా కూర్చోకపోతే నా దగ్గరికి ఎవరొస్తారు?” కాసేపాగి, “ఆ నర్సు మాట ఇంకోసారి చదువు” అంది. చదివాను. “మా డాక్టరమ్మ దగ్గర కూర్చునే పిల్ల కూడా అచ్చం అంతే” అంది. లార్డ్‌తో ఒప్పుకోకుండానే లార్డ్‌ని అంత దగ్గరగా చదివినవాళ్ళని నేను చూళ్ళేదు.

ఇప్పుడు మా ముందున్న పని వేరే. నర్సింగ్ అమ్మాయి తన మామ్మ మాటల్ని ఫోన్‌లో రికార్డు చేస్తోంది. నలభై నిమిషాలు అయ్యాయి. ‘ఏమే’ అని పిలిచిన ఇంటిపేరు వచ్చినప్పుడల్లా మామ్మ ఆపమంటుంది. “అది రాయకే. నాట్లకి పిలిచేది వాళ్ళే.”

ఆత్మకథంటే పేర్లు చెప్పాల్సిందే అని ఎంఏ అమ్మాయి. కూలి పోతే పెట్టేదెవరు అని టైలరక్క. పెద్దింటి కోడలు ఏమీ మాట్లాడకుండా ఆ రికార్డింగు మొత్తం వింది. విని, “ఆ ఇల్లు నాకు తెలుసు” అంది. మూడు ఆదివారాలుగా పేరు ఉంచాలా తీయాలా అన్నది తేలలేదు. ఫైలు ఆ అమ్మాయి ఫోన్‌లోనే ఉంది.