కింద ఎవరు చూస్తారు?

నా నవలల్లో కార్లకు కొదవలేదు. గేటు దగ్గర కారు ఆగడం, తలుపు చప్పుడుకు నాయిక గుండె ఝల్లుమనడం, సరిగ్గా వానలోనే ఆ కారు మొరాయించడం... ఇవన్నీ ఎన్నిసార్లు రాశానో నాకే లెక్కలేదు. కాని ఆ కారు అడుగుభాగం ఎలా ఉంటుందో ఒక్కచోట కూడా రాయలేదు. తెలిస్తే గదా రాయడానికి! నేను చదివింది బి.ఏ. ఇనుముతో నా పరిచయం దోసెల పెనం దగ్గర మొదలై అక్కడే ఆగిపోయింది.

మాకున్నది పాత మారుతి ఎనిమిది వందలు. ఏపీ 36 నెంబరు. బడిపంతులుగా రిటైరైన మా బాపు, చేతికొచ్చిన డబ్బులో కొంత తీసి 2009లో కొన్నారు. బాపు పోయాక అమ్మ మా హనుమకొండ ఇంటికి వచ్చింది, ఆమెతోబాటే కారూ వచ్చింది. అమ్మేద్దామని మావారు ఒకటి రెండుసార్లు అన్నారు గాని, అమ్మ మొహం చూసి ఊరుకున్నారు. గుడికైనా, ఆస్పత్రికైనా అమ్మ ఆ కారులోనే, వెనక సీట్లో ఎడమపక్కనే కూర్చుంటుంది.

2023 జూలై చివరి వారంలో పడ్డ వాన మా వైపు వాళ్ళెవరూ మరిచిపోరు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది. అంటే రెండడుగుల పైమాట! ఇక్కడ నయీంనగర్ నాలా పొంగింది, కాలనీలు మునిగాయి. మా ఇంటి ముందు కారు సీట్ల అంచుదాకా నీళ్ళలో నిలబడింది. నీళ్ళు తీశాక ఇంట్లో బురద ఎత్తిపోసుకోవడంతోనే సరిపోయింది. ఆ తర్వాత కారు సంగతి చూశాం. ఇంజను బాగుచేయించాం, సీట్లు ఎండలో పెట్టాం, పైన పాలిష్ పట్టించాం. లోపల ఒక సెంటు సీసా కూడా వేలాడదీశాను, బురద వాసన పోవాలని.

తుప్పు పట్టకుండా కింద నల్లటి పూత వేయిస్తే మంచిదని మావారికి ఎవరో చెప్పారు. వెంటనే ఒకచోటికి తీసుకెళ్ళారు. గంటలో పని అయిపోయింది. "ఇక ఐదేళ్ళదాకా భయంలేదండీ" అన్నారట. కింద ఆరిందా లేదా అని వాళ్ళూ చూడలేదు, మేమూ అడగలేదు.

ఆ చలికాలంలోనే అమ్మ మొదటిసారి అంది: "బిడ్డా, కాళ్ళ కింద తేమ తేమగ ఉంటున్నదే."

"నీ మంచినీళ్ళ సీసా కారుతున్నట్టుందమ్మా" అన్నాను. రెండోసారి అన్నప్పుడు చలికాలం గదా అన్నాను. మూడోసారి ఆమె ఏమీ అనలేదు. చెప్పులు విప్పి, కాళ్ళు సీటుమీదికి ముడుచుకుని కూర్చుంది. అది వయసు చాదస్తమనుకున్నాను. పాత్రల మనసుల్లో ఏముందో పేజీలకు పేజీలు రాసేదాన్ని, వెనక సీట్లో కన్నతల్లి ఎందుకు కాళ్ళు ముడుచుకుందో అడగలేకపోయాను. ఏమనుకుంటారో అనుకోండి.

2024లో కారుకు పదిహేనేళ్ళు నిండాయి. మరో ఐదేళ్ళకు రిజిస్ట్రేషన్ పొడిగించాలంటే తనిఖీకి తీసుకుపోవాలి. ముందుగా ఒకసారి చూడమని, బాపు రోజులనుంచీ తెలిసిన మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్ళాం. ఆయన కారును గుంత మీదికి ఎక్కించి, కిందికి దిగి, స్క్రూడ్రైవరు పిడితో ఆ నల్లపూతను టకటకా కొట్టి చూశాడు.

"అమ్మా, ఇటు రాండ్రి."

గుంత మెట్లు దిగి, మెడ వంచి చూశాను. పూతను ఆయన గోటితో లాగితే పెనం మీద దోసెలా లేచి వచ్చింది. దాని వెనక తడిమట్టి! పది నెలలనాటి వరద మట్టి! ఆ మట్టి వెనక ఎర్రటి పొరలు. స్క్రూడ్రైవరు కొస ఆనించి కాస్త నొక్కాడు. రేకులోంచి సునాయాసంగా దూరిపోయింది. పైకి వెళ్ళి చూస్తే, ఆ కొస తేలింది సరిగ్గా అమ్మ కాళ్ళు పెట్టుకునే చోట, చాప కింద.

"తడి మీద పూత పూసుడంటే తాళం ఏసినట్టే అమ్మా. నీళ్ళు బయటికి రావు, లోపలుండి తింటయి. నీళ్ళు పోయే తూట్లు గూడ మూసేసిన్రు చూడుండ్రి" అన్నాడు. పక్కనే పోతున్న బ్రేకు గొట్టం ముట్టుకుంటే పొట్టు రాలింది. "ఇది పగిలితే?" అన్నాను. ఆయన జవాబు చెప్పకుండా గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

ఆ రాత్రి మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడు ఇక్కడి ఎన్.ఐ.టి.లో చదివి, ఇప్పుడు అమెరికాలో డెట్రాయిట్ దగ్గర ఉంటున్నాడు. సంగతి వినగానే, "కింద కడిగించకుంటనే పూత పూయించిన్రా అక్కా?" అని తల పట్టుకున్నాడు. వాళ్ళకు మంచుతో తంటా. రోడ్లమీద పేరుకున్న మంచు కరగాలని చలికాలమంతా ఉప్పు చల్లుతారట. ఆ ఉప్పునీళ్ళు కారు కింద ప్రతి సందులోకీ చేరి ఇనుమును తినేస్తాయి. అందుకని వాడు ఏటా అక్టోబరులో, మంచు పడకముందే, కింద కడిగించి, ఆరబెట్టి, నూనె కొట్టిస్తాడు. అన్నట్టు ఆ డెట్రాయిట్ నగరం కింద వెయ్యి అడుగుల పైన లోతున ఉప్పు గని ఉందట. పైనేమో కార్ల కంపెనీలు, అడుగునేమో కార్లను తినే ఉప్పు! ఏ నవలలోనైనా రాస్తే అతిశయోక్తి అంటారు.

ఉప్పుకూ ఇనుముకూ పడదని మన ఆడవాళ్ళకు ఎవరు చెప్పాలి? ఆవకాయ జాడీలో ఇనపగరిటె పెడితే అమ్మమ్మ ఊరుకునేదా? పెనం కడిగితే వెంటనే పొయ్యిమీద పెట్టి, చెమ్మంతా ఇగిరాకనే నూనె రాసేది. చెమ్మ ఉండగా నూనె రాస్తే వీపు మీద ఒక్కటి వేసేది. ఈ మాత్రం తెలివి నాకు వంటింటి గడపదాకానే పనిచేసిందన్నమాట.

బాగుచేయడానికి తొమ్మిది రోజులు పట్టింది. నల్లపూతంతా గీకి తీశారు. నీళ్ళ పంపుతో మట్టి కడిగి, గాలి కొట్టి, మండుటెండలో రెండు రోజులు ఆరబెట్టారు. చివికిన రేకు కోసి కొత్త రేకు వెల్డింగు చేశారు. వైరు బ్రష్షుతో రుద్ది రెడ్డాక్సైడు వేసి, అదీ ఆరాకనే పూత వేశారు. సైలెన్సరుకూ, బ్రేకులకూ పూత తగలకుండా కాగితాలు చుట్టారు. బ్రేకు గొట్టాలు కొత్తవి. లోపల చాప కింద స్పాంజి తీసి పిండితే నీళ్ళు కారాయి. ఖర్చు విన్నప్పుడు మావారు పాత కారు అమ్మితే ఎంత వస్తుందో లెక్క వేయబోయి, మధ్యలోనే ఆపేశారు.

2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను వచ్చి వరంగల్ మళ్ళీ మునిగింది. ఈసారి ముందే కారును మిట్టమీది బంధువుల ఇంట్లో పెట్టాం. అయినా వీధుల్లో బురద తగలకుండా పోదుగా! నీళ్ళు తీశాక పాలిష్ జోలికి వెళ్ళకుండా నేరుగా గుంత మీదికే తీసుకెళ్ళాం. తమ్ముడూ అదే వారంలో వాడి కారుకు నూనె కొట్టించాడట. వాడికి రాబోయే మంచు భయం, మాకు పోయిన వాన భయం. వీడియో ఫోన్లో బాపు కారు చూపించమన్నాడు. మెకానిక్ నా ఫోన్ తీసుకుని గుంతలోకి దిగి, టార్చి వేసి, మూల మూలా చూపించాడు. వాడు చాలాసేపు మాట్లాడలేదు.

పైన బల్లమీద కూర్చున్న అమ్మ మాత్రం ఊరుకోలేదు. వంగి గుంతలోకి తొంగి చూస్తూ, "అయ్యా, ఆ నీళ్ళు పోయే తూట్లు ఒక్కసారి పుల్ల పెట్టి చూడరాదూ" అంది.

మెకానిక్ పుల్ల పెట్టి చూశాడు. ఒకదాంట్లోంచి కొంచెం మట్టి రాలింది.