గొంతులు దాచే పెట్టె

ఇంట్లోని పాటలూ చిత్రాలూ ఒకచోట భద్రపరచి, ఏ గదిలోని టీవీకైనా, ఎవరి చేతిలోని ఫోనుకైనా అడిగిన తక్షణం అందించే యంత్రాన్ని మీడియా సర్వరు అంటున్నారు. సర్వరంటే సేవకుడే గదా! అయితే ఈ సేవకుణ్ణి కుదుర్చుకోవడానికి చేయవలసిన విచారణ, పూర్వం పిల్లనిచ్చే ముందు చేసిన విచారణకు ఏమాత్రం తీసిపోదు. అంతర్జాలంలో దొరికే సలహాలు చాలావరకు సినిమాలు చూసేవారికోసం వ్రాసినవి. పాత గొంతులు దాచుకోదలచిన నాబోటివారికి పనికివచ్చే మాటలు తక్కువ. అందుచేత నేను తేల్చుకున్న నాలుగు సంగతులు మిత్రులతో పంచుకుంటున్నాను.

నా దగ్గర సుమారు 300 క్యాసెట్లున్నాయి. అష్టావధానాలు, పల్లెల్లో ఆడిన పద్యనాటకాలు, హరికథలు, మా గురువుగారి భారత పాఠాలు, మా అమ్మ పాడిన మంగళహారతులు. బజారులో కొన్న ఘంటసాల క్యాసెట్టు పాడైతే ఇంకొకటి దొరుకుతుంది. అమ్మ హారతిపాటకు రెండో ప్రతి లోకంలో ఎక్కడా లేదు. యంత్రం ఎన్నిక ఈ ఒక్క వాక్యం దగ్గర మొదలు కావాలని నా అభిప్రాయం.

ముందుగా లెక్క. సీడీ నాణ్యతతో ఎక్కిస్తే గంట శబ్దానికి సుమారు 635 మెగాబైట్లు పడుతుంది. గంట చొప్పున 300 క్యాసెట్లకు 190 గిగాబైట్లు. ఫ్లాక్ పద్ధతిలో కుదిస్తే ఒక్క ధ్వని కూడా నష్టపోకుండా అది ఇంచుమించు సగానికి వస్తుంది. ఎంపీ3 ఇంకా చిక్కిపోతుంది గానీ, అది కొంత పారవేసి చేసే సంక్షేపం. పారవేసినది తిరిగి రాదు. వినడానికి ఎంపీ3 చాలు, దాచడానికి ఫ్లాక్ కావాలి. పైగా ఫ్లాక్ ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. ఒక్కొక్క పత్రిక ఒక్కొక్క ఖతి వాడిన రోజుల్లో, ఆ ఖతి లేకపోతే తెలుగు వ్యాసం పిచ్చి ఇంగ్లీషు అక్షరాలుగా కనిపించడం, యూనికోడు వచ్చి ఆ పీడ విరగడ చేయడం మనం కళ్లారా చూశాం. శబ్దానికీ అదే నీతి. అవధానాల డిజిటల్ వీడియో టేపులు మరో 20 గంటలున్నాయి. గంటకు 13 గిగాబైట్ల చొప్పున 260. అంతా కలిపినా అర టెరాబైటు దాటదు. 2 టెరాబైట్ల డిస్కు ధారాళంగా సరిపోతుంది.

ఇక ప్రాసెసరు. ఉన్న దస్త్రాన్ని ఉన్నట్టే పంపడానికి సర్వరుకు పెద్ద బుర్ర అక్కరలేదు. ఆ దస్త్రం టీవీకి అర్థంకాని రూపంలో ఉంటే, పంపుతూనే మరో రూపంలోకి మార్చవలసి వస్తుంది. శ్రమంతా అక్కడే. 2023లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 5 చవకైనదే, చురుకైనదే. కాని వీడియోను అలా మార్చడానికి ప్రత్యేకమైన అంగం దానికి లేదు. అదే ఏడాది వచ్చిన ఇంటెల్ ఎన్100కు ఆ అంగం ఉంది. అటకమీది పాత డెస్క్‌టాపును వాడవచ్చు గానీ, అది 60 వాట్లు తాగుతూ రాత్రింబవళ్లు నడిస్తే ఏడాదికి 525 యూనిట్లు. పది వాట్ల చిన్నపెట్టెకు 88 యూనిట్లు. తేడా మీరే చూడండి.

మలక్‌పేటలో మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లోనూ పరేడ్ గ్రౌండ్‌లోనూ మారి, ప్యారడైజ్‌లో దిగి, సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్లాను. దుకాణంలోని కుర్రవాడు "గేమింగుకా సార్, ఎడిటింగుకా?" అని అడిగాడు. "పద్యాలు వినడానికి నాయనా" అన్నాను. పాపం, ఆ పద్దు వాడి పట్టికలో లేదు! ఎన్100 చిన్నపెట్టె ఒకటి, డిస్కులు మూడు తీసుకున్నాను. మూడెందుకని వాడు మళ్లీ అడిగాడు.

ఎందుకో చెప్పాలంటే తాళపత్రాల దగ్గరకు వెళ్లాలి. పూర్వపు లేఖకులు ప్రతి ముగించి చివర ఒక ప్రార్థన చేర్చేవారు. నూనెనుంచి, నీటినుంచి, కట్టు వదులుకావడంనుంచి తనను కాపాడమనీ, మూర్ఖుని చేతికి ఇవ్వవద్దనీ గ్రంథమే వేడుకుంటున్నట్టు ఉంటుందది. హార్డ్‌వేరు కొనేవారికి అంతకు మించిన సలహా నాకు కనిపించలేదు.

నీటి సంగతి మా ప్రాంతంవారికి వేరే చెప్పనక్కరలేదు. 2020 అక్టోబరు వానలకు మూసీ పొంగింది; సరూర్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల కాలనీలు నీట మునిగాయి. ఒకే గదిలో ఉన్న రెండు డిస్కులు వరదకు ఒక్క డిస్కే. రెయిడ్ అనే జంట డిస్కుల ఏర్పాటు ఒక డిస్కు చెడినప్పుడు ఆదుకుంటుంది. కాని ఒకదానిలో పొరపాటున చెరిపినది రెండోదానిలోనూ చెరిగిపోతుంది. అది ప్రతిబింబమే గాని ప్రతి కాదు. అందుకే ఒక డిస్కు పెట్టెలో, ఒకటి బీరువాలో, మూడోది వరంగల్లులో మా చెల్లెలి ఇంట్లో. బీరువాలో ఉంచేవి ఎస్ఎస్‌డీలు కాకూడదు; ఏళ్ల తరబడి విద్యుత్తు తగలకపోతే వాటిలోని రాత చెరిగే ప్రమాదముంది. తిరిగే డిస్కులే మేలు.

కట్టు వదులు కావడమంటే ఈ కాలానికి యూఎస్‌బీ తీగ. అందుకని డిస్కును లోపలే మరలతో బిగించుకునే పెట్టెను ఎన్నుకున్నాను. కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునే లిప్తపాటులో రాత చెడకుండా చిన్న యూపీఎస్ కూడా. మూర్ఖుని చేయి అంటే, మనుమడు వినగలడు, చెరపలేడు. 2018లో ఎంబీనుంచి చీలివచ్చిన ఉచిత సాఫ్ట్‌వేరు జెల్లీఫిన్‌లో ఆ కట్టుదిట్టం ఉంది.

తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కొకటి. లినక్సులో దస్త్రం పేరు 255 బైట్లు దాటరాదు. యూనికోడు తెలుగులో గుణింతపు గుర్తులూ పొల్లులూ సహా ఒక్కొక్కదానికి మూడేసి బైట్లు, అంటే 85 గుర్తులు. ఉత్పలమాల ఒక పాదానికి 20 అక్షరాలే అయినా, గుణింతాలూ ఒత్తులూ కలిసి దానికే 50కి పైగా కావచ్చు. దాని పక్కన పాడినవారి పేరు, ఊరు, తేదీ చేరిస్తే పేరు పట్టదు. పద్యపు మొదటి రెండు మాటలతో దస్త్రానికి పేరుపెట్టి, మిగిలిన వివరాలు దస్త్రం లోపలి ట్యాగుల్లో వ్రాశాను.

"ఇదంతా ఎందుకు నాన్నా, క్లౌడులో పెడితే పోలా?" అన్నాడు విదేశంలోని మా అబ్బాయి. నెలనెలా అద్దె కట్టేవాడు ఉన్నంతకాలమే ఆ ఇల్లు. నా తరువాత ఆ అద్దె ఎవరి జ్ఞాపకంలో ఉంటుంది? అందుకే మూడు డిస్కులతోనూ ఒక్కొక్క కాగితం పెట్టాను. ఇందులో ఏమున్నదీ, సర్వరు లేకున్నా ఏ కంప్యూటరుకైనా తగిలించి ఎలా వినాలో తెలుగులో వ్రాసి ఉంచాను. పెట్టె ఎప్పుడో ఒకప్పుడు చస్తుంది. గొంతులు దానితో పోకూడదు.

మిత్రులలో ఎవరి అటకమీదనైనా ఇటువంటి క్యాసెట్లుంటే ముందు వాటిని దించి వినిపించండి. పెట్టె ఎప్పుడైనా కొనవచ్చు. టేపు మనకోసం ఆగదు.