పులి-మేక: పోరగాళ్లకు నేర్పుదాం

జూరాల కాలువ నీళ్ల వంతుకు గట్టు మీద కూసున్నప్పుడు పోరగాళ్ల చేతిల ఫోనే కనపడుతున్నది. ఒక్కసారి బొగ్గు ముక్క పట్టి బండ మీద పులి-మేక గీయండి.

పైన ఒక చుక్క. అక్కడి నుంచి కిందికి నాలుగు గీతలు, వాటి కొసలు కలుపుతూ అడుగున ఒక అడ్డగీత. నడుమ ఇంకో మూడు అడ్డగీతలు రెండు పక్కలా బయటికి రావాలె, వాటి కొసలు నిలువుగ కలపాలె. గీతలు కలిసే చోట్లు 23 ఉండాలె. మూడు కంకర రాళ్లు పులులు, 15 చింతగింజలు మేకలు.

ఒక పులి పైచుక్క మీద, రెండు దాని కింది అడ్డగీత నడుమ. మేకలను ఒక్కొక్కటే పెట్టాలె. పెట్టినప్పుడల్లా ఒక పులి ఒక అడుగు జరుగుతది. పక్కనున్న మేకకు అవతలి చోటు ఖాళీగ ఉంటే దూకి తింటది. 15 దిగినంకనే మేకలు కదలాలె. పులులకు తోవ లేకుంటే మేకలు గెల్చినట్టు.

కొత్తోళ్లకు మొదట పులులియ్యండి, ఆట జల్ది పట్టుబడతది. రెండో ఆటకు మేకలిచ్చి మూలల నుంచి పెట్టమనండి, అక్కడ పులి దూకలేదు. వెనక తోడు లేని మేకే పోతది. పల్లికాయ మూటలతో మార్కెట్‌కు ఒక్కొక్కరమే పోయే మనకు ఇది వేరే చెప్పాల్నా? పిల్లలకన్నా ఇప్పటి నుంచే తెల్వాలె.